మా కాలనీ క్రెచ్ పంచాయితీ అసలు ఎన్నడు మొదలైంది

పాలమూర్‌ల, అంటే మహబూబ్‌నగర్‌ల, మా కాలనీల క్రెచ్ (తల్లిదండ్రులు పనికి పోయినంక చిన్నపిల్లలను చూసుకునే జాగ) పెడ్తమని ఒక దరఖాస్తు వస్తే, దాని మీద టౌన్ ప్లానింగ్ సెక్షనోళ్లు రెండు దిక్కులోళ్లను పిలిచి విన్నరు. పదకొండింటికి రమ్మన్నరు, సారు వచ్చేసరికి పన్నెండున్నర, అప్పటిదాంక వరండాల నిలబడి అందరం ఫోన్లు చూసుకుంట ఉన్నం, ఎందుకంటే క్రెచ్ పెడ్తమన్న భార్యాభర్తలు కూడా అదే వరండాల ఉన్నరు, రోజూ పాల ప్యాకెట్ల కాడ కలిసేటోళ్లమే, ఏం మాట్లాడాల్నో ఎవరికీ తెల్వలే. ముందే చెప్తున్న, వద్దని ఇచ్చిన పిటిషన్ మీద నా సంతకం కూడా ఉన్నది. మొత్తం చదవలే. మోరీ సంగతి రాసినం అన్నా అంటే పెట్టిన.

సంగతి చిన్నదే. 200 గజాల ఇల్లు, కింది పోర్షన్ కిరాయికి తీసుకున్నరు, ఆమె ఇదివరకు నర్సుగ చేసింది, ఆరు నెలల పిల్లల కెల్లి ఐదేండ్ల పిల్లల దాంక ఒక 25 మందిని పొద్దున ఏడున్నర నుంచి రాత్రి ఏడింటి దాంక చూసుకుంటనంటది. మావోళ్ల అభ్యంతరాలు ఏందంటే పొద్దుగాల బండ్లు ఆటోలు అన్నీ ఒక్కసారి వస్తే గల్లీ జామైతది, ఉన్న బోరే ఎండకాలం దగ్గుకుంట పోస్తది ఇంక వీళ్లకు ఏడికెల్లి, డైపర్లు మోరీల పడ్తే ఎవరు తీయాలె, కుక్కలు, ఏడుపులు, ఇంటి రేటు పడిపోతది. ఏడుపుల మాట అన్నాయన ఇంట్ల మొన్న ఫంక్షన్‌కు రాత్రి ఒంటిగంట దాంక డీజే పెట్టిండ్రు, అది వేరే ముచ్చట. ఇంకొకాయన మాత్రం, ఇయ్యాల క్రెచ్ అంటరు రేపు దాన్నే రెండంతస్తులు లేపి ఇంగ్లీష్ మీడియం స్కూల్ చేస్తరు అన్నడు, అది ఉత్త భయం అని నేననలేను, మన దగ్గర ఎన్ని బళ్లు ఇట్లనే ఇంట్ల పుట్టి పెరిగినయో అందరికీ ఎరుకే.

అందరి కంటే పెద్దాయన ముందుగాల ఒక మాటన్నడు. "మా కాలంల ఇవన్నీ ఏడున్నయి సార్, పిల్లలను ఇంట్లనే సాదలేదా?" సారు తలకాయ ఊపిండు. నేను కూడా ఊపిన. ఇంటికొచ్చినంక ఆ మాట నన్ను ఇడువలే, ఇంట్ల సాదినం సరే గాని సాదింది ఎవరు, ఏ ఇంట్ల అని.

పాలమూరోళ్లకు ఈ ప్రశ్న వేసుడే తప్పు అసలు. మన జిల్లా లేబర్ అంటే దేశమంత పేరు, డ్యాములు కాలువలు రోడ్లు ఏడ కడ్తె ఆడికి గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తోలుకపోయేటోడు, మొగుడూ పెండ్లాం ఇద్దరూ పోతేనే కూలి గిట్టుబాటు. పిల్లలను ఏం జేసేది మరి? ఒకటి ముసలోళ్ల కాడ ఇడిచిపెట్టి పోవుడు, లేకుంటే ఎంబడి తీసుకపోయి పని కాడ చెట్టుకు చీరె తొట్టె కట్టుడు. తొట్టె ఊపేది ఎవరు, ఆరేండ్లో ఏడేండ్లో ఉన్న పెద్దపిల్ల. ఆ పిల్ల బడికి పోకపాయె. అవతల నల్లగొండ దిక్కు నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న, ఇందిరాగాంధీ నీళ్లు ఇడిచింది 1967 ఆగస్టు 4న, నడుమ పదకొండేండ్ల పైన వేలమంది రాళ్లు మోసిండ్రు, తట్టలెత్తిండ్రు, అండ్ల ఎందరు తల్లులో. ఆ పిల్లలు ఏడ పండుకున్నరో ఏ శిలాఫలకం మీద రాసి ఉండదు. మా నాయినమ్మ చెప్పేది, చిన్నోని నడుముకు తాడు కట్టి ఇంకో కొస మంచం కోడుకు కట్టి పొలానికి పోయేదాన్నిరా అని, నవ్వుకుంట చెప్పేది. మేం గూడ నవ్వేటోళ్లం.

1969ల గాంధీ శతజయంతికని ఢిల్లీ రాజ్‌ఘాట్ కాడ ఎగ్జిబిషన్ కడుతుంటే ఆడ కూలోళ్ల పిల్లలు దుమ్ముల పడి ఉన్నది చూసి మీరా మహదేవన్ అనే ఆమె ఒక డేరా వేసి పిల్లలను చూసుకునుడు మొదలుపెట్టింది, అదే మొబైల్ క్రెచెస్. పని ఏడికి పోతే క్రెచ్ కూడా ఆడికే పోవాలె అన్నది ఆమె లెక్క. వలస జిల్లాకు ఇంతకంటే సరిపోయే ఆలోచన ఇంకోటి ఉంటదా, గాని మన దిక్కు గుంపు మేస్త్రీ లెక్కలల్ల తట్టకింత పారకింత అని ఉండేది గాని తొట్టెకింత అని ఎన్నడూ లేదు.

చట్టం లేదా అంటే ఉన్నది, మస్తు పాతది. 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్‌ల 50 మంది కంటే ఎక్కువ ఆడోళ్లు పనిచేస్తే ఆరేండ్ల లోపు పిల్లలకు గది ఉండాలె అని రాసిండ్రు, 1976ల ఆ 50ని 30 చేసిండ్రు. 1996ల భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది, అండ్ల మళ్ల 50 మంది ఆడకూలీలు దాటాలె. ఉపాధి హామీల అయితే ఐదుగురు లేదా ఎక్కువ చిన్నపిల్లలు పని కాడికి వస్తే ఒక ఆడమనిషిని వాళ్లను చూసుకునేటందుకే పెట్టి ఆమెకు కూలి ఇయ్యాలె అని 2005 చట్టంల రాసిండ్రు. 2017ల మెటర్నిటీ చట్టం మార్చి లీవు 12 వారాల నుంచి 26 వారాలు చేసిండ్రు, 50 మంది ఉద్యోగులున్న సంస్థ క్రెచ్ పెట్టాలె, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసి రావచ్చు అని కూడా రాసిండ్రు. ఎన్నేండ్లు లెక్క ఆడోళ్ల తలకాయల మీదనే నడిచింది చూడండ్రి, 30 దాటితే క్రెచ్ అంటే 30 మందినే పెట్టుకుంటే అయిపాయె, పిల్లకు తండ్రి లేనట్టు. మొన్న 2025 నవంబర్ 21 కెల్లి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లకొచ్చినయి, అండ్ల ఆడ మగ అని లేకుండ 50 మంది వర్కర్లు దాటితే అని పెట్టిండ్రు, మాటైతే మారింది. కిరాణా షాపుల, ప్రైవేట్ దవాఖానల, బట్టల దుకాణంల చేసే ఆడపిల్లలు ఏ లెక్కలకూ రారు, ఎందుకంటే ఆడ ఉండేది పది మందే. మా కాలనీల సగం ఇండ్లు గసొంటియే.

అంగన్‌వాడీ ఉన్నది కదా అని మీటింగుల ఒకామె అన్నది. నిజమే, 1975 అక్టోబర్ 2న దేశంల 33 బ్లాకులల్ల మొదలై ఇయ్యాల ఊరూరికీ ఉన్నది, సుప్రీంకోర్టు 2006 డిసెంబర్‌ల ఏ వాడకూ లేకుండ ఉండొద్దు 14 లక్షల సెంటర్లు పెట్టుండ్రి అని చెప్పింది, మన రాష్ట్రంల 2015 జనవరి కెల్లి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు బాలింతలకు ఒక పూట పూర్తి అన్నం పెడ్తున్నరు, గుడ్డు పాలతోని. నేను తక్కువ చేసి మాట్లాడ్తలేను, ఆ టీచర్లు చేసే చాకిరి నాకు తెలుసు, సర్వేలు వాళ్లతోనే, ఎలక్షన్ డ్యూటీలు వాళ్లతోనే. గాని అంగన్‌వాడీల బడి లెక్క కూసోబెట్టేది మూడేండ్లు దాటిన పిల్లలను. మూడేండ్ల లోపోళ్లకు బాలామృతం ప్యాకెట్ ఇస్తరు, నెలకు రెండున్నర కిలోలు, తూకం చూస్తరు, టీకాలు చెప్తరు. ప్యాకెట్ ఇంటికి పంపుతరు గాని పిల్లను ఉంచుకోరు. తల్లి డ్యూటీ రాత్రి ఏడింటికి దిగుతది, అంగన్‌వాడీ అంతకు చాన ముందే మూస్తరు. ఈ ఖాళీ సర్కారుకు తెల్వదా అంటే తెలుసు, 2006ల రాజీవ్‌గాంధీ పేరు మీద క్రెచ్ స్కీమ్ పెట్టిండ్రు, 2017ల పేరు మార్చిండ్రు, 2022ల మళ్ల మార్చి పాల్నా అన్నరు, అంగన్‌వాడీలనే క్రెచ్ కలిపి దేశమంతట 17,000 పెడ్తమన్నరు. 14 లక్షలు ఏడ, 17 వేలు ఏడ. మా దిక్కు ఒక్కటి నా కంట పడలే.

రాజ్యాంగం ముచ్చట కూడా ఒకటి ఉన్నది. మొదట్ల 45వ ఆర్టికల్‌ల పద్నాలుగేండ్ల దాంక పిల్లలందరికీ చదువు అని ఉండేది, అంటే సున్నా కెల్లి. 2002ల 86వ సవరణ చేసి ఆరు నుంచి పద్నాలుగు దాంక హక్కు చేసిండ్రు, ఆరేండ్ల లోపోళ్లను మాత్రం రాజ్యం ప్రయత్నించాలె అన్న కాడ ఇడిచిపెట్టిండ్రు.

సరే, పాత కూలి కష్టం అది, మా కాలనీల ఉన్నది టీచర్లు నర్సులు కాదా, వాళ్లకేమైంది అంటరా? అక్కడికే వస్తున్న. 2016 అక్టోబర్ 11న దసరా నాడు పాత మహబూబ్‌నగర్ జిల్లా నాలుగు ముక్కలైంది, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వేరే పడ్డయి, 2019 ఫిబ్రవరిల నారాయణపేట కూడా పోయింది. ఆఫీసులు ఆడికి పోయినయి, ఇండ్లు ఈడనే ఉన్నయి, ఇగ అప్ అండ్ డౌన్ షురూ. 2021 డిసెంబర్‌ల ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచే 317 జీవో వచ్చి మొత్తం కలెబెట్టింది, సీనియారిటీ లెక్కల మొగుడు ఒక జిల్లాకు పెండ్లాం ఒక జిల్లాకు పడ్డరు, స్పౌజ్ కేసులు అని టీచర్లు పిల్లలను ఎత్తుకొని ధర్నాలు చేసిండ్రు గుర్తుందా. మా ఎదురింటి పిల్ల టీచర్, పొద్దున ఏడుంబావుకు బస్సెక్కుతది, ఆయన ఇంకో జిల్లాల, ఏడాదిన్నర బాబు. అత్త ఊర్ల బర్లను ఇడిచిపెట్టి రాలేదు, తల్లికి మోకాళ్లు లేవు. ఇదివరకు కూలికి పోయినోళ్లు ఊర్ల ముసలోళ్లకు పిల్లలను ఇడిచిపోయేటోళ్లు, ఇప్పుడు ఆ ముసలోళ్లు ఊర్లనే ఉన్నరు, పిల్లలు పట్నంల ఉన్నరు. దానికి తోడు జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌ల మందుల కంపెనీలు, షిఫ్టు డ్యూటీలు, 2016ల మెడికల్ కాలేజీ వచ్చినంక నైట్ డ్యూటీల నర్సులు. క్రెచ్ ఫ్యాషన్ అని అన్నోళ్లు ఒక్కసారి ఏడుంబావుకు బస్టాండ్‌ల నిలబడితే బాగుండు.

ఇగ జాగ ముచ్చట. మోరీ పేరు మీద పెట్టిన గాని నా సంతకానికి అసలు కారణం ఇదే, పిటిషన్‌ల ఈ మాట లేదు.

మా కాలనీ వేసినప్పుడు అది మున్సిపాలిటీల లేదు, పంచాయతి కింద చెల్క. పట్టాదారు కాడ ఆరెకరాలు కొని రాళ్లు పాతి ప్లాట్లు అమ్మిండ్రు. ఎకరానికి 4,840 గజాలు, రూలు ప్రకారం పదో వంతు ఓపెన్ జాగ ఇడువాలె, అంటే ఆరెకరాలకు 2,904 గజాలు. బ్రోచర్‌ల పార్కు అని పచ్చరంగు ఏసి చూపిచ్చిండ్రు, నేను కూడా ఆ పచ్చరంగు చూసే కొన్న. తర్వాత్తర్వాత ఆ పచ్చరంగుల సగం ప్లాట్ నంబర్లు పడ్డయి, మిగిలినదాంట్ల గుడి లేసింది, వాటర్ ట్యాంక్ లేసింది. గుడి వద్దని ఎవరంటరు, ట్యాంక్ వద్దని ఎవరంటరు. 2020ల ఎల్‌ఆర్‌ఎస్, అంటే పర్మిషన్ లేని లేఅవుట్ల ప్లాట్లను రెగ్యులర్ చేసే స్కీమ్, వస్తే వెయ్యి రూపాయలు కట్టి అందరం దరఖాస్తు చేసినం, రాష్ట్రంల 25 లక్షల మంది పైన చేసిండ్రు, ఓపెన్ జాగ ఇడువని లేఅవుట్ అయితే ప్లాటు విలువల 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాలన్నరు. అంటే పార్కుకు బదులు పైసలు. పైసలు కడ్తె కాయిదం రెగ్యులర్ అయితది, జాగ ఏడికెల్లొస్తది? అంగన్‌వాడీకే సొంత బిల్డింగు లేక ఒక్క గది కిరాయికి తీసుకున్నరు, కాలనీల క్రెచ్ కోసం ఏ జాగా ఇడువలే, అందుకే అది ఎవరో ఒకరి ఇంట్లకే రావాలె, ఎవరో ఒకరి గేటు ముంగటనే ఆటో ఆగాలె.

రూల్ మాట్లాడితే క్రెచ్ పెడ్తనన్న ఆమె కేసు లోపల గట్టిది, బయట బలహీనం. 2018ల కేంద్రం ఇచ్చిన క్రెచ్ గైడ్‌లైన్స్‌ల ఒక పిల్లకు 10 నుంచి 12 చదరపుటడుగులు అన్నరు, 25 మందికి 300 అడుగులు చాలు, ఆ పోర్షన్‌ల అంతకు రెండింతలున్నది, కింది అంతస్తే, మూడేండ్ల లోపు పదిమందికి ఒక ట్రెయినింగ్ ఉన్న మనిషి అంటే దానికి కూడా ఆమె సరే అన్నది. గాని ఆ ఇంటికి పర్మిషన్ తీసుకున్నది కాపురానికి. టీఎస్ బీపాస్, అంటే ఆన్‌లైన్‌ల ఇంటి పర్మిషన్ ఇచ్చే పద్ధతి, వచ్చినంక మనంతట మనమే సర్టిఫై చేసుకొని ఇల్లు కట్టుకుంటున్నం, ఏం రాసిచ్చినమో అదే వాడాలె, వేరే పనికి వాడితే అడుగుతరు. ఇంకొకటి ఫైర్. 2004 జూలై 16న కుంభకోణం బళ్ల 94 మంది పిల్లలు కాలిపోయిండ్రు, వంటింటి కాడ లేసిన మంట, ఇరుకు మెట్లు, పైన గడ్డి కప్పు. సుప్రీంకోర్టు 2009ల బడి భద్రత గురించి గట్టిగ చెప్పింది ఆ కేసు యాదిల పెట్టుకొనే. మా పెద్దాయన అడిగిన అన్నిట్ల నన్ను నిజంగ కదిలిచ్చిన ప్రశ్న కూడా అదే, ఫైర్ ఇంజన్ ఈ గల్లీలకు తిరుగుతదా సార్ అన్నడు.

సారు వెంటనే ఏం తేల్చలే. లేఅవుట్ కాయిదంల రోడ్డు 30 ఫీట్లని ఉన్నది, జాగ మీద ఎంతున్నదో చూద్దాం అని వారం దినాలకు ఇద్దరు చైన్‌మెన్లను టేపు ఇచ్చి పంపిండు. అందరం బయటికొచ్చి నిలబడ్డం. ఆ క్రెచ్ ఇంటి ముంగట పట్టిండ్రు, 21 ఫీట్లు. పక్కింటి కాడ 20. ఏడ పోయినయి తమ్మీ తొమ్మిది ఫీట్లు అని పెద్దాయన కోపంగ అడిగిండు. టేపు పట్టుకున్న పిల్లగాడు ఏం అనకుండ ఆయన గేటు ముంగట ఉన్న కార్ ర్యాంపు చూసిండు, తర్వాత మా ఇంటి మెట్లు చూసిండు, ఆ తర్వాత మా తులసిగద్దె.

చైన్‌మెన్లు లెక్క రాసుకొని పోయిండ్రు. ఇంకో తారీఖు ఇస్తరంట. ర్యాంపులన్నీ తీస్తే ఫైర్ ఇంజన్ వస్తది, క్రెచ్‌కు వచ్చే ఆటోలకు కూడా తిప్పుకునేటంత జాగ అయితది, ఆ లెక్క చెప్పేందుకు లెక్కల సారు అక్కర్లే. పిటిషన్ రాసినాయన మాత్రం సాయంత్రం ఇంటికొచ్చి, అన్నా మనం రోడ్డు పాయింట్ తీసేసి ఉత్త బోరు పాయింట్ మీదనే పోదామా అన్నడు.