సముద్రం ఇక లేదంటే

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు నామంలో వందనాలు.

పోయిన ఆదివారం బైబిల్లో చివరి పుస్తకం, ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం చదువుతుంటే మీలో ఒకమ్మాయి లేచి అడిగింది: “కొత్త భూమ్మీద సముద్రం ఉండదంట కదా తాతయ్యా, మరి మా నాన్న వేటకి ఎక్కడికెళ్తాడు?” కొందరు నవ్వారు. అది నవ్వే ప్రశ్న కాదమ్మా. విశాఖలో పుట్టినవాళ్లు అడిగి తీరాల్సిన ప్రశ్న. గంట కొట్టేశారు కాబట్టి జవాబు ఉత్తరంలో రాస్తున్నాను.

ఈ పుస్తకం రాసిన యోహాను అప్పుడు పత్మాసు అనే చిన్న ద్వీపంలో ఉన్నాడు. యేసు గురించి సాక్ష్యం చెప్పినందుకు అక్కడున్నానని మొదటి అధ్యాయంలో తనే చెప్పుకున్నాడు. రాసింది ఏడు సంఘాలకి: ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఈ ఊళ్లన్నీ ఇప్పటి టర్కీ దేశంలో ఉన్నాయి. అంటే తనకీ తనవాళ్లకీ మధ్య అడ్డంగా ఉన్నది సముద్రమే. ఇది రోమా చక్రవర్తి దొమిషియన్ రోజుల్లో, దాదాపు క్రీ.శ. 95లో జరిగిందని ఎక్కువమంది పండితుల మాట. యెరూషలేము దేవాలయాన్ని రోమా సైన్యం 70లో కూల్చేసింది. ఆ దెబ్బ అప్పటికి ఇంకా మానలేదు.

ఇప్పుడు 13వ అధ్యాయం తీయండి. పది కొమ్ములూ ఏడు తలలూ ఉన్న క్రూరమృగం సముద్రంలోంచి పైకి వస్తుంది. ఒళ్లు చిరుతపులిది, పాదాలు ఎలుగుబంటివి, నోరు సింహానిది. యోహాను దీన్ని ఊరికే ఊహించి రాయలేదు. పాత నిబంధనలో దానియేలు గ్రంథం 7వ అధ్యాయంలో సింహం, ఎలుగుబంటి, చిరుతపులి, పది కొమ్ముల మృగం ఒకదాని తర్వాత ఒకటి సముద్రంలోంచే వస్తాయి, అవి రాజ్యాలని అక్కడే అర్థం చెప్పారు. యోహాను ఆ నాలుగింటినీ ఒకే ఒంట్లో కలిపేశాడు. పాత రాజ్యాల క్రూరత్వమంతా ఇప్పుడు రోములో పోగైంది అని ఆనాటి విశ్వాసికి ఇట్టే తెలిసిపోతుంది, ఈ పుస్తకం చేజిక్కిన రోమా సైనికుడికి మాత్రం తెలియదు. అదే అధ్యాయంలో మృగం ముద్రగా, దాని పేరు లెక్కగా చెప్పిన 666 కూడా అంతే. ఆ కాలంలో అక్షరాలే అంకెలు. రోమా చక్రవర్తి నీరో కైసరు పేరు హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే ఆ లెక్క వస్తుంది. బార్‌కోడ్ మీద, టీకా మీద ఆ ముద్ర ఉందని ఫోన్లో వచ్చే వీడియోలు చూసి నిద్ర పాడుచేసుకోకండి.

18వ అధ్యాయం మాత్రం మన ఊరి పిల్లలు నిదానంగా చదవాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడలు లోపలికి వస్తుంటే మీరు రోజూ చూస్తారు కదా, సరుకంటే ఏమిటో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. బబులోను అని మారుపేరు పెట్టిన మహానగరానికి, అంటే రోముకి, ఓడల మీద వెళ్లే సరుకుల చిట్టా అక్కడ ఉంది: బంగారం, వెండి, రత్నాలు, ముత్యాలు, పట్టుబట్టలు, ఏనుగు దంతం, ద్రాక్షారసం, నూనె, గోధుమలు, పశువులు, గుర్రాలు. అన్నిటికంటే చివర మనుషులు. బానిసలుగా అమ్ముడైన మనుషులు. ఆ నగరం కూలిపోతే నావికులు దూరంగా నిలబడి ఏడుస్తారు. ఆ చిట్టా చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, యోహానుకీ వచ్చే ఉంటుంది. మృగం వచ్చిన దారి, దోచుకున్నది మోసుకెళ్లే దారి, తనని తనవాళ్లకి దూరం చేసిన దారి, మూడూ ఒకటే సముద్రం. లేకుండా పోయేది ఆ సముద్రమే.

మీ నాన్న వల వేసే సముద్రం అది కాదమ్మా, దాన్ని చేసింది దేవుడు. చేసి, మంచిదని చూశాడని ఆదికాండం మొదటి పేజీలోనే ఉంది. తిరిగి లేచిన యేసు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వేటాడి వచ్చిన శిష్యులకి తినమని పెట్టాడు.

ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఇదే లోకాంతం అన్నవాళ్లున్నారు. తుపాను వచ్చిన ప్రతిసారీ ఈ పుస్తకం తీసి పిల్లల్ని బెదిరించడం నాకు ఇష్టం లేదు. బెదిరిపోయి ఉన్నవాళ్లకి ధైర్యం చెప్పడానికి రాసిన పుస్తకం ఇది. 20వ అధ్యాయం 13వ వచనం చూడండి, సముద్రం తనలో ఉన్న మృతుల్ని అప్పగిస్తుంది. వేటకెళ్లి తిరిగిరానివాళ్లున్న ఇళ్లు మన పేటలో ఉన్నాయి. ఆ ఇళ్లలో ప్రార్థనకి వెళ్లినప్పుడు నేను చదివేది ఆ వచనమే.

వచ్చే ఆదివారానికి దానియేలు 7 ఇంట్లో పైకి చదివి రండి. మృగానికి ఏడు తలలు ఎందుకో 17వ అధ్యాయంలో దూతే చెప్పాడు. అదెక్కడుందో నేను చెప్పను, మీరే వెతికి పట్టుకోండి.

ప్రేమతో,
మీ తాతయ్య