డ్రైవర్ల గొడవకు మూలం 2004 నాటి నిర్ణయం

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ అప్‌గ్రేడ్ అయ్యాక వైఫై కనిపించడం లేదని, తెర నల్లగా ఉండిపోతోందని ఫిర్యాదులు మళ్లీ మొదలయ్యాయి. తప్పు కెర్నెల్ రాసేవారిదా, పరికరం అమ్మిన కంపెనీదా అన్న పాత వాదన కూడా వాటి వెంటే వచ్చింది. వైఫై వంటి పరికరాలను నడిపించే ప్రోగ్రాములు, అంటే డ్రైవర్లు, కెర్నెల్‌తో మాట్లాడే లోపలి ఇంటర్‌ఫేస్‌లు మారవని లైనక్స్ ఏనాడూ మాట ఇవ్వలేదన్నది తెలిసిందే. ఆ మార్పులు ఎంత తరచుగా మీద పడతాయన్నది మాత్రం 2004 జూలైలో, ఒట్టావాలో జరిగిన కెర్నెల్ డెవలపర్ల సమావేశంలో తేలింది.

అంతకుముందు 2.4 వంటి సరి సంఖ్య కెర్నెల్ వెర్షన్ వరుసలు చాలావరకు నిలకడగా ఉండేవి, పెద్ద మార్పులు 2.5 వంటి బేసి సంఖ్య వరుసల్లో సాగేవి. కాబట్టి డ్రైవర్‌ను కెర్నెల్‌లో చేర్చకుండా విడిగా ఇచ్చే కంపెనీ కొన్నేళ్లకోసారి గట్టిగా కూర్చుని కోడ్ సవరించుకుంటే గడిచిపోయేది. 2.7 వరుసను తెరవకుండా 2.6లోనే కొత్త పని కొనసాగించాలని ఒట్టావాలో నిశ్చయించడంతో ఆ వెసులుబాటు పోయింది. ఇప్పుడు తొమ్మిది, పది వారాలకో కొత్త విడుదల వస్తోంది.

ఈ వేగాన్ని డెవలపర్లు సమర్థించుకునే తీరు వినదగినదే. ఒక ప్రోగ్రామ్ ఇచ్చిన మెమరీ చిరునామా దానికి అనుమతించిన హద్దుల్లో ఉందో లేదో చూసే 'యాక్సెస్ ఓకే' అనే ఫంక్షన్‌నే చూడండి. చదవడానికా, రాయడానికా అని చెప్పే ఒక ఆర్గ్యుమెంట్, అంటే ఫంక్షన్‌కు అందించే విలువ, అందులో ఉండేది. కెర్నెల్ మెమరీలోకి రాస్తున్నప్పుడు అక్కడి పేజీలకు పెట్టిన రక్షణను లెక్కచేయని పాత ఇంటెల్ 386 ప్రాసెసర్ కోసమే దాని అవసరం. 386కు మద్దతును 2013లో వచ్చిన 3.8 కెర్నెల్‌లోనే తొలగించినా ఆ ఆర్గ్యుమెంట్ మిగిలిపోయింది, చివరకు 2019లో 5.0 విడుదలలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని తీసేశారు. కెర్నెల్‌లో భాగమైన డ్రైవర్లన్నింటినీ ఆ మార్పుతో పాటే సరిచేశారు. ఇంటర్‌ఫేస్ మార్చినవారే దాన్ని వాడే కోడ్‌నంతా సవరించాలన్నది అక్కడి కట్టుబాటు, బయట ఉండిపోయిన డ్రైవర్‌కు ఆ రక్షణ వర్తించదు.

కెర్నెల్‌లో చేర్చేందుకు తమ కోడ్‌ను బయటపెట్టలేమని, ఇన్ని విడుదలల వెంట పరుగెత్తలేమని కంపెనీలు అంటాయి.

ఈ మధ్యలో నలిగేది వాడుకరి. డెల్ 2003లో తెచ్చిన డీకేఎంఎస్ అనే సాధనం, కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా డ్రైవర్ సోర్సును (మనుషులు రాసిన కోడ్‌ను) ఆ కంప్యూటర్‌లోనే మళ్లీ కంపైల్ చేస్తుంది, అంటే యంత్రం నడపగల రూపంలోకి మారుస్తుంది. ఎంతో మేలు చేసిన సాధనమే అయినా అది కంపైల్ చేయగలదు తప్ప కోడ్‌ను సవరించలేదు. 5.0 నాడు పాత డ్రైవర్ల బిల్డ్ లాగ్ (కంపైల్ చేస్తున్నప్పుడు నమోదయ్యే చిట్టా) తెరిచినవారికి, మూడు ఆర్గ్యుమెంట్లు ఇచ్చారు, రెండే పడతాయి అన్న అర్థంలో ఒక్క వరుస కనిపించింది. ప్రోగ్రామర్ కానివారికి ఆ వరుస ఏ దారీ చూపదు.

దీర్ఘకాలిక మద్దతు ఉన్న కెర్నెల్‌నే అంటిపెట్టుకోమన్నది ఇన్నాళ్లూ వినిపించిన సలహా. ఆ మద్దతును ఆరేళ్ల నుంచి రెండేళ్లకు కుదిస్తున్నట్టు 2023లో ప్రకటించడంతో దానికీ గడువు దగ్గరపడింది. బూట్ మెనూలో పాత కెర్నెల్‌ను ఎంచుకుంటే వైఫై ఇవాళ్టికి తిరిగి వస్తుంది. మద్దతు ముగిసిన నాటి నుంచి ఆ కెర్నెల్‌కు భద్రతా సవరణలు మాత్రం రావు.