మోటారును తిట్టకముందు రేకు చూడండి

మరమ్మతుకు నా బల్ల మీదికొచ్చే మోడల్ రైలింజన్లు ఎక్కువగా హెచ్ఓ సైజువే. అంటే అసలు ఇంజనులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. తెచ్చినవాళ్ళ మాట మాత్రం ఒకటే: "ఆగి ఆగి నడుస్తోందండీ, మోటారు పోయినట్టుంది."

అపోహ: కుదుపు వస్తే మోటారు పోయినట్టే

డీకోడర్ (డిజిటల్ ఆదేశాలు అందుకుని మోటారును నడిపే చిన్న సర్క్యూట్) లేని ఇంజనైతే విప్పి మోటారుకు నేరుగా 12 వోల్టుల డీసీ ఇచ్చి చూడండి. గిర్రున తిరిగిందంటే లోపం మోటారులో లేదు, కరెంటు వచ్చే దారిలో ఉంది. పట్టా నుంచి చక్రానికి, చక్రం వెనక ఆనుకునే సన్నటి ఫాస్ఫర్ బ్రాంజ్ రేకుకు, అక్కణ్ణుంచి తీగ గుండా మోటారుకు: ఇదీ కరెంటు నడిచే దారి. ఇందులో ఎక్కడ మురికి పట్టినా బండి ఆగుతుంది. పట్టు కోసం రబ్బరు రింగు తొడిగిన చక్రాలు కరెంటు అందుకోవు, వాటిని లెక్కలోంచి తీసేయండి.

అపోహ: రేకును బిగించి వంచితే సరిపోతుంది

కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఓ చిన్న షంటింగ్ ఇంజనుకు రేకులు బాగా వంచేశాను. కొన్నాళ్ళకు చక్రం వెనక నికెల్ పూత లేచి, కింద ఇత్తడి గుండ్రంగా గాడి పడింది. పైగా బండి ఈడ్చుకుంటూ నడిచేది. అలాగని వదులుగా ఉంచితే రేకు ఎగిరినప్పుడల్లా నిప్పురవ్వ పుడుతుంది, లోహం గుంటలు పడుతుంది, మసి పేరుకుంటుంది.

నేనిప్పుడు చూసేది ఇదే: చక్రాన్ని ఇటు చివరికీ అటు చివరికీ జరిపినా రేకు దాన్ని వదలకూడదు, వేలితో తిప్పితే అడ్డుపడకూడదు.

అపోహ: నల్లబడితే శాండ్‌పేపర్ పెట్టి రుద్దాలి

వద్దండీ బాబూ! ఆ గీతల్లోనే మురికి మళ్ళీ కూర్చుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డ చాలు. పట్టాలు నికెల్ సిల్వర్ కదా అని ధీమా పడేవాళ్ళూ ఉన్నారు. అది మన జర్మన్ సిల్వరే. అందులో రాగి, నికెల్, జింకు తప్ప, పేరులో ఉన్న వెండి లేదు.

అపోహ: పెట్టెలో దాస్తే పాడవదు

అరగదు, నిజమే. కానీ పాత నూనె జిగురవుతుంది, రేకు మీద ఆక్సైడు పొర కడుతుంది. తీరప్రాంతపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

మార్క్లిన్ (జర్మన్ మోడల్ రైళ్ళ కంపెనీ) ఇంజన్లున్నవాళ్ళకో మాట

మీ ఇంజను కింద జారే పట్టీ పట్టాల మధ్య వరసగా ఉన్న బొడిపెల నుంచి కరెంటు తీసుకుంటుంది. అది అరగడం జబ్బు కాదు, చెప్పు అరిగినట్టే. కాకపోతే అరిగో వంగో కిందికి జారితే, పట్టాలు చీలేచోట పక్క పట్టాకు తగిలి షార్ట్ అవుతుంది. కొత్తది వేయండి.

అపోహ: డీకోడర్‌కు కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకునే భాగం) తగిలిస్తే ఇవేవీ అక్కర్లేదు

కరెంటు తెగిన కాసేపు అది బండిని లాక్కెళ్తుంది, అంతే. కింద మసి పెరుగుతూనే ఉంటుంది, మనకే కనబడదు. నేనైతే దాని తీగ విప్పి, నెమ్మదిగా ఒక చుట్టు నడిపి చూశాకే ఇంజను బాగైందంటాను.