చక్రానికి పట్టిన నల్లపొడి

కడప,
ఆదివారం.

చిరంజీవులైన మనవడికీ, మనవరాలికీ,

తాత ఆశీస్సులు. గిన్నెలు తోమే స్టీలు పీచుతో మీరిద్దరూ నాన్న కారు చక్రాన్ని తోమారనీ, మెరవాల్సింది కాస్తా గీతలు పడి మసకబారిందనీ, ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది కాబట్టి భయపడకండి. నాన్న కోపం నాలుగు రోజుల్లో పోతుంది. గీతలే పోవు. అందుకే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

ముందు నా సంగతి వినండి. మీకన్నా పెద్ద తప్పు నేను చేశాను, అదీ యాభై ఏళ్లు దాటాక. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు బ్రేకులు విప్పి బిగించినవాణ్ని, చక్రం గురించి నాకు ఒకరు చెప్పేదేమిటని ధీమా. అప్పుడే అల్లాయ్ చక్రాలున్న పాత కారు ఒకటి కొన్నాను. ఆకుల సందుల్లో నల్లటి మకిలి పేరుకుని ఉంది. ఆకులంటే చెట్టు ఆకులు కావు. ఎద్దులబండి చక్రంలో నడిమి కుండ నుంచి అంచు దాకా ఉండే కర్రలను ఆకులనే అంటాం, కారు చక్రానికీ ఆ మాటే సరిపోతుంది. స్నానాలగది గచ్చు కడిగే యాసిడ్ సీసా ఎదురుగా కనిపించింది. గచ్చు తెల్లబడగా లేనిది చక్రం తెల్లబడదా అనుకుని కుంచెతో పూశాను. బుసబుసమని నురగ లేచింది. మకిలి పోయింది, నేను మీసం మెలేశాను. నీళ్లు పోసి చూస్తే చక్రం తెల్లగానే ఉంది, సున్నం కొట్టిన గోడలా. నెల తిరిగేసరికి అంచున పూత పొక్కి, గోటితో గీరితే ఉల్లిపొరలా లేచివచ్చింది. మీ అవ్వ చూసి ఒక్కటే మాట అన్నది: "సత్తు గిన్నెలో చింతపండు పులుసు పోయకూడదని నాకు తెలుసు, ముప్పై ఏళ్ల మెకానిక్కుకు తెలియదా?"

ఆ మాటలో ఉన్న శాస్త్రం నాకు తర్వాత తెలిసింది. సత్తు అంటే అల్యూమినియం. అల్లాయ్ చక్రం దానికి చుట్టమే. సాధారణంగా అల్యూమినియంలో నూటికి ఏడు పాళ్ల దాకా సిలికాన్, చిటికెడు మెగ్నీషియం కలిపి కరిగించి అచ్చులో పోస్తారు. ఈ లోహానికి గాలి సోకగానే పైన సన్నటి ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొరే దాన్ని కాపాడుతుంది. పులుపు తగిలినా ఆ పొర కరుగుతుంది, చాకలి సోడా లాంటి క్షారం తగిలినా కరుగుతుంది. ఇత్తడి బిందెను చింతపండుతో తోమితే బంగారంలా మెరుస్తుంది కదా అని ఇక్కడ అదే వైద్యం చేయబోతే నా చక్రానికి పట్టిన గతే పడుతుంది.

కారు చక్రానికి ఇంకో సంగతి ఉంది. కంపెనీలో లోహం మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన అద్దంలాంటి పూత ఒకటి వేస్తారు. పెయింటర్లు దాన్ని క్లియర్ కోట్ అంటారు. మందం ఇంచుమించు తల వెంట్రుకంత. మీ స్టీలు పీచు గీసింది ఆ పూతనే. మీకు మసకగా కనబడుతున్నది మురికి అనుకోకండి, వేల గీతల మీద పడి చెదిరిపోతున్న వెలుగు అది.

మరి ఆ నల్లపొడి ఎక్కడిది? రోడ్డు మీది దుమ్మే అనుకుంటే మన దుమ్ము ఎర్రగానో బూడిద రంగులోనో ఉండాలి. ఇది నల్లగా ఉంది, పైగా ముందు చక్రాలకే ఎక్కువ. మొన్న మీరు రాయచోటి నుంచి వచ్చేటప్పుడు గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొన్నారు, అక్కడి నుంచి ఘాట్ మలుపులన్నీ దిగి ఇంటికి చేరారు. మీరు కోవా పొట్లం విప్పే తొందరలో ఉన్నారు గానీ నేను చక్రం దగ్గర వంగి వేలితో రాసి చూశాను. వేలి కొనకు పెన్సిలు ముక్కు పొడిలాంటి నలుపు అంటింది. బ్రేకు నొక్కినప్పుడల్లా, చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప బిళ్లను, అంటే డిస్కును, ప్యాడ్లు రెండువైపులా పట్టి రుద్దుతాయి. ప్యాడూ అరుగుతుంది, డిస్కూ అరుగుతుంది. ఆ అరుగుడు పొడే మీరు చూసినది. బ్రేకు వేస్తే బండి బరువు ముందుకు తూలుతుంది కాబట్టి పని ఎక్కువ పడేది ముందు బ్రేకుల మీదే. వెనక డ్రమ్ము బ్రేకులున్న బండ్లలో పొడి చాలావరకు డ్రమ్ములోనే ఉండిపోతుంది. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో ఇంజను పట్టు మీద దిగితే బ్రేకూ కాలదు, పొడీ తగ్గుతుంది. ఇది నాన్నకు చెప్పండి, తాత అన్నాడని చెప్పకండి.

ఆ పొడిలో ఇనుము ఉంటుంది, వేడిగా వచ్చి పూతలో గుచ్చుకుంటుంది. తడి తగిలితే గుచ్చుకున్నచోటే తుప్పు పడుతుంది. అందుకే వారాల తరబడి వదిలేసిన చక్రం మీద నారింజ రంగు చుక్కలు మిగులుతాయి, సబ్బుకు కదలవు. దాన్ని నోటితో ఊదకండి, పొడిగుడ్డతో దులపకండి. మా కాలంలో బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. దాన్ని గాలి గొట్టంతో ఊదుకుంటూ పనిచేశాం, ఊపిరితిత్తులకు అదెంత చేటో అప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఇప్పటి ప్యాడ్లు వేరు. అయినా ఆ పొడిని తడిపి తీయడమే పద్ధతి.

ఇక కడగడం. బండి నీడలో ఉండాలి, చక్రం చల్లారి ఉండాలి. ఘాట్ దిగివచ్చిన వేడి డిస్కు మీద చన్నీళ్లు గుమ్మరిస్తే చుయ్యిమంటుంది, ఒక్కోసారి డిస్కు వంకరపోతుంది. ఆ తర్వాత బ్రేకు నొక్కినప్పుడల్లా పెడలు కాలి కింద అదురుతుంది. గంటసేపు ఆగండి, ఆలోగా కోవా తినండి. హ్యాండ్ బ్రేకు వేసి, తాళంచెవి నాన్న జేబులో ఉన్నాకే చక్రం దగ్గర కూర్చోవాలి. బండి ఒంటికన్నా ముందు చక్రాలు కడగండి, లేకపోతే కడిగిన తలుపుల మీద ఈ నల్లనీళ్లు చిందుతాయి. చక్రాలకు బకెట్టూ గుడ్డా వేరుగా ఉంచండి. ఇనుప రజను అంటిన గుడ్డతో బానెట్టు తుడిస్తే అక్కడ పడే గీతలకు ఈసారి నాన్నే ఉత్తరం రాస్తాడు. ముందు నీళ్లు బాగా కొట్టి, కార్ల షాంపూ కలిపిన నీళ్లలో మెత్తటి కుంచె ముంచి, ఆకుల వెనకా నట్ల గుంటల్లోనూ తిప్పండి. రంగులు వేసే పాత కుంచె చాలు. లోపలి అంచున చిన్న సీసపు బిళ్లలాంటివి అంటించి ఉంటాయి, మట్టిగడ్డలనుకుని పీకవద్దు. అవి చక్రం బ్యాలెన్సు కోసం పెట్టిన బరువులు, ఊడితే స్టీరింగు వణుకుతుంది.

నారింజ చుక్కలు అప్పటికీ పోకపోతే ఐరన్ రిమూవర్ అని ఒక ద్రవం దొరుకుతుంది. అది మాత్రం పెద్దవాళ్లే చేతులకు తొడుగులు వేసుకుని చల్లాలి. మీరు దూరంగా, గాలి మీవైపు వీచని చోట నిలబడి చూడండి, చూడాల్సిన వేడుకే. చల్లినప్పుడు నీళ్లలా ఉంటుంది. కాసేపటికి ఇనుము ఉన్నచోటల్లా ఊదా రంగు పుట్టి, నేరేడుపండ్లు పిండినట్టు ఆకుల వెంట చారలు చారలుగా కారుతుంది. అందులోని థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఇనుమును పట్టుకుంటే వచ్చే రంగు అది. కుళ్లిన గుడ్డు వాసన కూడా వస్తుంది. వెంట్రుకలు తీసే క్రీముల్లోనూ ఆ కుటుంబపు రసాయనమే ఉంటుంది, చేతి తొడుగులు ఎందుకో దీన్నిబట్టి ఊహించుకోండి. సీసా మీద రాసిన నిమిషాలు దాటకుండా, ఆరిపోకముందే కడిగేయాలి.

మన ప్రాంతంలో చక్రానికి అసలు శత్రువు ఈ కడిగే నీళ్లే అని నా అభిప్రాయం. కడప బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లటి పెంకు కడుతుంది. ఎలా కట్టకుండా ఉంటుంది? మనం కాళ్ల కింద పరుచుకున్న కడప బండ సున్నపురాయే, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేదీ సున్నపురాయినే. మే నెల ఎండలో చక్రం మీద మిగిలిన చుక్క క్షణంలో ఆవిరైపోయి తెల్ల మచ్చను వదులుతుంది. అందుకని ఒక్కో చక్రం కడిగిన వెంటనే తుడిచేయాలి, నాలుగూ అయ్యాక తుడుద్దాం అనుకోవద్దు. మీ అవ్వ పొదుపుగా ఉంటుందని ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లను బండికి వాడమంటుంది. అది ఒక్కటి వినకండి. వడపోతలో విడదీసిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోకే వచ్చి చేరతాయి. దానికి బదులు ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లు బకెట్టులో పట్టి ఆఖరి తడుపుకు వాడండి. గాలిలోని ఆవిరి చల్లబడి నీరైనదే కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. అవ్వతో ఇదొక్కటే నేను గెలిచిన వాదన.

పూర్తిగా ఆరాక కార్ల మైనం వేలి కొనంత తీసుకుని పలచగా రాయాలి. మసక తెర కట్టాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత నల్లపొడి మైనం మీదే నిలుస్తుంది, వట్టి నీళ్లకే సగం జారిపోతుంది. రెండు మూడు నెలలకొకసారి రాస్తే చాలు. అంతకన్నా ఎక్కువ రాస్తే మైనం డబ్బా ఖాళీ అవుతుందే తప్ప ఇంకేమీ కాదు. మైనం గానీ టైరు పాలిష్ గానీ డిస్కుకు అంటకూడదు, టైరు రోడ్డుకు ఆనేచోట తగలకూడదు. అక్కడ జారితే మెరుపు ఎవరికి కావాలి? కడిగాక నాన్నను బండి మెల్లగా నడిపి రెండుసార్లు బ్రేకు తొక్కమనండి, డిస్కు ఆరుతుంది. మర్నాడు పొద్దున డిస్కు మీద ఎర్రటి తుప్పు కనిపిస్తే కంగారు పడకండి, మొదటి రెండు బ్రేకులకే పోతుంది.

మీరు తోమిన ఆ చక్రం సంగతి. గీతలు పూతలోనే ఉంటే పాలిష్ చేసేవాళ్లు మెరుగుపరుస్తారు. ఎక్కడైనా గోరు దిగబడి లోహం తెల్లగా కనిపిస్తే ఊరుకోవద్దు. అక్కడి నుంచి పూత కింద తెల్లటి దారాల్లాంటి తుప్పు చారలు పాకుతూ పోతాయి, పైనుంచి ఎంత కడిగినా అందవు. నిమ్మరసం, వంటసోడా లాంటి చిట్కాలు ఎవరైనా చెబితే వినండి, చేయకండి.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు బండిని కడగకుండానే తెమ్మని నాన్నకు చెప్పండి. ఊదా రంగు చూపించే సీసా నేను తెచ్చిపెట్టాను. గువ్వలచెరువులో ఈసారి రెండు కిలోలు తీసుకోండి, మొన్నటిది అవ్వ దాకా రాలేదు.

మీ తాత