వడగళ్లకూ సరిహద్దుకూ మధ్య: ఇండిగో 2142 ఎడమకే ఎందుకు అడిగింది?

పాకిస్తాన్ గగనతలం మూసివేతను మరో నెల పొడిగించారన్న వార్త వచ్చిన ప్రతిసారీ 2025 మే 21న ఉరుముల మబ్బులో వడగళ్ల దెబ్బ తిన్న ఇండిగో ఢిల్లీ–శ్రీనగర్ విమానం మళ్లీ చర్చకు వస్తోంది. పైలట్లదే తప్పని కొందరు, దారి ఇవ్వనివాళ్లదే తప్పని ఇంకొందరు వాదించుకుంటున్నారు. పహల్గాం దాడి, ఆపరేషన్ సిందూర్, కాల్పుల విరమణ ఇంకా ఎవరూ మరిచిపోలేదు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. ముక్కు పగిలిన విమానం ఫొటో కూడా అందరూ చూసిందే. అసలు కథ ఆ ముక్కు పగలడానికి కాస్త ముందు రేడియోలో నడిచింది.

220 మందికి పైగా ఉన్న ఆ ఎయిర్‌బస్ ఏ321 నియో 36 వేల అడుగుల ఎత్తులో పఠాన్‌కోట్ ప్రాంతానికి చేరేసరికి ముందు ఉరుముల మబ్బు ఉంది. ఎడమకు, అంటే అంతర్జాతీయ సరిహద్దు వైపు, తొలగిపోతామని పైలట్లు వైమానిక దళం నడిపే నార్తర్న్ కంట్రోల్‌ను అడిగారు. అనుమతి రాలేదు. పాకిస్తాన్‌లోని లాహోర్ కంట్రోల్‌ను అడిగారు, అక్కడా కుదరదన్నారు. మొదట వెనక్కి తిరగబోయారు. అప్పటికే మబ్బుకు బాగా దగ్గరైపోవడంతో అందులోంచే పోవాలని నిర్ణయించుకున్నారు. ఈ వరస పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రకటనలో ఉన్నదే.

ఎడమకే ఎందుకన్నది టీవీ చర్చల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద ఉరుముల మబ్బు పైభాగాన్ని ఎత్తులో వీచే గాలి ఒకవైపుకు లాగేస్తుంది. వడగళ్లు కూడా అటే, మబ్బుకు కొన్ని మైళ్ల దూరం దాకా ఎగిరిపడొచ్చు. అందుకే తీవ్రమైన మబ్బుకు కనీసం 20 మైళ్ల దూరంలో ఉండాలని, వీలైతే గాలి వచ్చే వైపు నుంచి చుట్టి పోవాలని పైలట్లకు నేర్పుతారు. మే నెలలో ఉత్తర భారతం మీద ఆ ఎత్తులో గాలి సాధారణంగా పడమటి నుంచి వీస్తుంది. శ్రీనగర్ వైపు ఉత్తరంగా పోయే విమానానికి పడమర ఎడమచేతి వైపు. సరిహద్దూ అటే. ఇక కుడివైపున ధౌలాధార్, పీర్ పంజాల్ కొండలు. తేమ గాలి వాటిని తాకి పైకి లేచి కొత్త మబ్బులు పుట్టించేది అక్కడే. అంటే శిక్షణలో నేర్చుకున్న వైపే ఆ పైలట్లు అడిగారు. ఆ వైపు మూసేసి ఉంది.

వైమానిక దళం వాదనా రికార్డులో ఉంది. భారత విమానాలను పాక్ గగనతలంలోకి రానివ్వని నోటీసు అమల్లో ఉందని, దారి మళ్లింపు కోసం తాము వెంటనే ఢిల్లీ కంట్రోల్‌తో మాట్లాడామని, లాహోర్ ఫ్రీక్వెన్సీలు కూడా పైలట్లకు ఇచ్చామని చెప్పింది. కాల్పుల విరమణ జరిగి అప్పటికి పదకొండు రోజులే.

గగనతలం మూసుకోవడం ఈ రెండు దేశాలకు కొత్త కాదు. 1971లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ‘గంగ’ విమానాన్ని లాహోర్‌కు హైజాక్ చేశాకా ఇదే జరిగింది, 2002లోనూ జరిగింది. బాలాకోట్ వైమానిక దాడి తర్వాత 2019 ఫిబ్రవరి 27 నుంచి జూలై 16 దాకా పాక్ దారి మూసే ఉంది. కానీ ఆ మూసివేత గురించి పార్లమెంటులో చెప్పిన లెక్క డబ్బుది: జూలై 2 నాటికి ఎయిరిండియాకు 491 కోట్ల నష్టం. యూరప్, అమెరికా విమానాలు ఎన్ని గంటలు చుట్టు తిరిగాయి, ఎంత ఇంధనం కాలింది అన్నదే మాట్లాడుకున్నారు. ఢిల్లీ–శ్రీనగర్ దేశీయ సర్వీసు. పాక్ మీదుగా పోదు కాబట్టి దాన్ని ఆ లెక్కలో చేర్చాలని ఎవరికీ తట్టలేదు. మబ్బు అడ్డొస్తే పక్కకు జరగడానికి ఆ సర్వీసుకూ చోటు కావాలి.

ఉరుముల మబ్బులోకి దూరితే ఏమవుతుందో 1977 ఏప్రిల్ 4నే అమెరికాలో తేలింది. సదరన్ ఎయిర్‌వేస్ 242 విమానం పైలట్లు రాడార్ తెర మీద మబ్బుల మధ్య ఖాళీ కనిపించిందనుకున్నారు. అది ఖాళీ కాదు. ముందున్న భారీ వాన రాడార్ తరంగాలను పీల్చేయడంతో దాని వెనకున్నది తెర మీదకు రాలేదు. వాన నీరు, వడగళ్లు మింగి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. జార్జియాలోని న్యూ హోప్ దగ్గర రోడ్డు మీద దిగబోయి కూలింది. నేల మీదివాళ్లతో కలిపి 72 మంది పోయారు. దర్యాప్తు నివేదిక రాడార్‌ను నమ్ముకుని మబ్బులోకి వెళ్లిన కెప్టెన్‌తో ఆగలేదు. తాజా వాతావరణ సమాచారం అందించని కంపెనీని, ఆ సమాచారాన్ని సమయానికి చేరవేయలేని కంట్రోల్ వ్యవస్థనూ కారణాల్లో చేర్చింది.

పఠాన్‌కోట్ మీద ఇంజిన్లు ఆగలేదు. మిగతావి చాలానే జరిగాయి. వేగం చూపే అంకెలు నమ్మలేనివయ్యాయి, ఆటోపైలట్ ఊడిపోయింది, కంప్యూటర్ ఇచ్చే రక్షణలు పోయాయి, రెక్కలు విమానాన్ని మోసే బలం కోల్పోబోతున్నాయని చెప్పే స్టాల్ హెచ్చరికలు ఒకదాని వెంట ఒకటి మోగాయి. ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో దిగింది. (8,500 అడుగులు కిందపడిందని చాలామంది రాశారు, అది తప్పు. అది దిగిన వేగం, దిగిన లోతు కాదు.) మబ్బు దాటేదాకా పైలట్లు చేత్తోనే నడిపారు. వేగం అంకెల్ని నమ్మలేని స్థితిలో, నేల మీద లెక్కకట్టిన వేగాన్ని కంట్రోలర్లే చదివి వినిపించారు. ఎవరికీ గాయం కాలేదు.

పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు సిబ్బంది నిబ్బరాన్ని మెచ్చుకున్నారు. అదే సమయంలో విచారణ తేలేదాకా పైలట్లిద్దరినీ విధుల నుంచి తప్పించారు.

ముందే ఎందుకు వెనుదిరగలేదన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే రెండు దేశాల కంట్రోలర్ల జవాబుల కోసం ఎదురుచూస్తున్నంత సేపూ జెట్ విమానం నిమిషానికి ఏడెనిమిది మైళ్లు ముందుకు పోతూనే ఉంటుంది. ‘ప్యాన్ ప్యాన్’ అని అత్యవసరం ప్రకటించింది వడగళ్లు దాటాక, శ్రీనగర్‌కు. లాహోర్‌కు వెళ్లింది మామూలు అభ్యర్థనే. ప్రమాదంలో ఉన్న విమానానికి సాయం చేయాలన్న అంతర్జాతీయ విమానయాన ఒప్పందం (షికాగో ఒప్పందం) 25వ అధికరణం కూడా ఒక దేశం తన భూభాగంలో ఉన్న విమానం గురించే చెబుతుంది, గీత అవతల నిలబడి అడిగేవాళ్ల గురించి కాదు.

సముద్రం మీద ఇదే ఇబ్బంది వస్తే పైలట్‌కు రాసిపెట్టిన పద్ధతి ఉంది. అనుమతి దొరక్కపోయినా ‘ప్యాన్ ప్యాన్’ చెప్పి, లైట్లు వేసి, చుట్టుపక్కల విమానాలకు వినిపించి పక్కకు జరగొచ్చు. 5 నాటికల్ మైళ్లు దాటి జరిగితే ఎత్తును 300 అడుగులు మార్చుకోవాలి. పఠాన్‌కోట్ మీద ఎడమకు తిరిగే విమానానికి దారిలో తగిలేది ఇంకో ప్రయాణికుల విమానం మాత్రమే కాదు, రెండు దేశాల వాయు రక్షణ రాడార్లు కూడా.