క్షౌరశాల ఘాటు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరగా మా నాయన పెట్టిన క్షౌరశాలను ఇరవై రెండేళ్లుగా నేను నడుపుతున్నాను. గడ్డం గీయడం ముగిసి, తడిపిన పటిక రాయిని చెంపల మీద తిప్పి, చివరగా అరచేతిలో నాలుగు చుక్కల ఆఫ్టర్‌షేవ్ పోసుకొని అద్దినప్పుడు లేచే ఆ లవంగం, లావెండరు, పౌడరు కలగలిసిన వాసన మాకు పనిలో ఒక భాగమే తప్ప, దానికంటూ ఒక పేరు ఉండేది కాదు. ఇప్పుడు అదే వాసనను 'బార్బర్‌షాప్' అన్న పేరుతో ఖరీదైన సీసాలలో అమ్ముతున్నారు. ఇంకా గడ్డం సరిగా రాని పిల్లలు కూడా కుర్చీలో కూర్చొని దాని గురించి అడుగుతున్నారు. వారి మాటల్లో తరచుగా వినిపించే అపోహలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది వట్టి మసాలా దినుసుల వాసన.

వాస్తవం: ముక్కుకు ముందుగా తగిలేది మసాలాయే గానీ, ఆ వాసనను నిలబెట్టేది మసాలా కాదు. ఈ తరహా పరిమళాలలో చాలావాటికి మూలం 1882లో పారిస్‌లోని హూబిగాన్ సంస్థ కోసం పాల్ పార్కే రూపొందించిన 'ఫూజేర్ రాయల్'. ఫూజేర్ అంటే ఫ్రెంచి భాషలో ఫెర్న్ మొక్క. ఫెర్న్‌కు చెప్పుకోదగిన వాసన లేదు కాబట్టి, ఉంటే ఎలా ఉండేదో ఊహించి కూర్చిన పరిమళం అది. పైన లావెండరు, అడుగున ఓక్ చెట్ల మీద పాచిలా పెరిగే లైకెన్ ఒకటి, ఆ రెండింటినీ కలుపుతూ కూమరిన్ అనే పదార్థం ఈ కూర్పులో ఉంటాయి. దక్షిణ అమెరికాలో పెరిగే టోంకా అనే చెట్టు గింజలలో సహజంగా ఉండే కూమరిన్‌ను 1868లో విలియం పెర్కిన్ ప్రయోగశాలలో తయారుచేశాడు. దాని వాసన ఎలా ఉంటుందో మా సీమవారికి చెప్పడం తేలిక: కోతలయ్యాక బాగా ఎండిన వరిగడ్డిని వామి వేస్తున్నప్పుడు వచ్చే తియ్యని, మెత్తని వాసనకు అది దగ్గరగా ఉంటుంది. గడ్డం గీయించుకొని లేచినవారికి శుభ్రంగా, తేలికగా ఉన్నామనిపించడంలో ఈ కూమరిన్‌కు, లావెండరుకు ఉన్న పాత్ర పెద్దది. లవంగం, దాల్చినచెక్క, జాజికాయ దానికి పదును పెడతాయి, అంతే. ఈ తేడా తెలియక మా దగ్గరికి వచ్చే ఒకాయన ఇంట్లోని లవంగాలను, చెక్కను స్పిరిట్‌లో నెలరోజులు నానబెట్టి, వడకట్టి, చెంపలకు పూసుకొని వచ్చాడు. ఆ రోజు కొట్టులో కూర్చున్న వారందరికీ ఆకలి వేసింది.

లవంగ నూనెలో సాధారణంగా 70 శాతానికి పైగా ఉండేది యూజెనాల్. తులసిలో ఉండేది కూడా అదే, పుప్పిపన్నును తాత్కాలికంగా పూడ్చడానికి పళ్ల డాక్టర్లు వాడే మందులో ఉండేది కూడా అదే. అందువల్ల ఒకే సీసా మూత తీసినప్పుడు ఒకరికి చిన్నతనంలో ముద్దుపెట్టుకున్న తండ్రి చెంప గుర్తొస్తే, మరొకరికి పన్ను పీకించుకున్న కుర్చీ గుర్తొస్తుంది. రెండో రకంవారికి ఎంత నచ్చజెప్పినా ప్రయోజనం ఉండదని, వారికి లావెండరు పాలు ఎక్కువగా ఉన్నదాన్ని అద్ది పంపడమే మేలని నేను అనుభవం మీద తెలుసుకున్నాను.

అపోహ: ఘాటు మగవారిది, పూల వాసన ఆడవారిది.

వాస్తవం: ఈ వాసన అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చే ఓల్డ్ స్పైస్ పేరుతో అమెరికాలోని షుల్టన్ సంస్థ 1937లో మొదట విడుదల చేసినది స్త్రీల కోసం, పురుషులకు ఉద్దేశించినది 1938లో వచ్చింది. పైగా కార్నేషన్ పువ్వు వాసన లవంగాన్ని పోలి ఉంటుంది కాబట్టి, మీరు మసాలా అనుకుంటున్న ఘాటులో పువ్వు ఎక్కడ మొదలైందో చెప్పడం ఆరితేరిన ముక్కుకు కూడా కష్టమే.

అపోహ: బే రమ్ అంటే తాగే రమ్మే.

వాస్తవం: కాదు. కరీబియన్ దీవులలో పెరిగే ఒక చెట్టు ఆకులను పూర్వం రమ్ముతో కలిపి బట్టీలో కాచేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. అది పైన పూసుకోవడానికే గానీ తాగడానికి పనికిరాదు, తాగితే ప్రమాదం. మన బిర్యానీ ఆకుకు, ఆ చెట్టుకు సంబంధం లేదు.

అపోహ: ఎంత మండితే అంత బాగా పనిచేసినట్లు.

వాస్తవం: ఇది అన్నిటికంటే మొండి అపోహ. మండకపోతే నీళ్లు కలిపావని నన్నే అనుమానించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. మిరపకాయ కొరికినప్పుడు మంటను మెదడుకు తెలిపే గ్రాహకమొకటి మన నరాల చివరలలో ఉంది. దానిని కనుగొన్నందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మామూలుగా సుమారు 42 డిగ్రీల వేడికి గానీ స్పందించని ఆ గ్రాహకం, ఆల్కహాల్ తగిలినప్పుడు దాదాపు 34 డిగ్రీలకే, అంటే మన చర్మానికి ఉండే మామూలు వేడికే స్పందిస్తుంది. కాబట్టి చెంప మీది మంట సూక్ష్మజీవులు చస్తున్నాయనడానికి గుర్తు కాదు; ఎర్రకారం సంగటి తిన్న నాలుక చెప్పే మాటనే చెంప కూడా చెబుతోందని మాత్రమే దాని అర్థం. చర్మం ఎక్కువగా గీసుకుపోయినప్పుడు మంట కూడా ఎక్కువగా ఉంటుంది కనుక, అది ఆఫ్టర్‌షేవ్ గొప్పతనం కంటే గీసినవాడి చెయ్యి గురించే ఎక్కువ చెబుతుంది. చిన్న గాట్ల నుంచి కారే రక్తాన్ని ఆపేది పటిక. ఒకరి నుంచి మరొకరికి రోగం అంటకుండా కాపాడేది ప్రతి ఒక్కరికీ కొత్తగా విరిచి పెట్టే సగం బ్లేడు. ఈ రెండూ చూడకుండా మంట కోసం ఎదురుచూడవద్దని మా దగ్గరికి వచ్చేవారికి చెబుతుంటాను.

అపోహ: సహజమైన నూనె హాని చేయదు.

వాస్తవం: వేరే నూనె కలిపి పలుచన చేయని లవంగ నూనెను అప్పుడే గీసిన చెంపకు రాస్తే చర్మం ఎర్రబడి బొబ్బలెక్కవచ్చు. దాల్చినచెక్క బెరడు నూనె ఇంకా తీవ్రమైనది. యూజెనాల్, కూమరిన్, దాల్చినచెక్కలోని సిన్నమాల్ కొందరికి పడవు కాబట్టి, అవి నిర్ణీత పరిమాణాన్ని మించినప్పుడు సీసా మీద వాటి పేర్లు అచ్చువేయాలని ఐరోపాలో నియమం ఉంది. కొత్త సీసా కొన్నవారు మొదట మోచేతి లోపలివైపు ఒక చుక్క రాసి ఒకరోజు చూడడం మంచిది.

పెద్ద దర్గా ఉరుసులో కొన్న అత్తరును తెచ్చి గీసిన చెంపకు రాయమనేవారికి కూడా నేను ఇదే చెబుతాను. అత్తరులో ఆల్కహాల్ లేకపోయినా చిక్కదనం ఎక్కువ. దానికి తగిన చోటు చెవి వెనుక.

అపోహ: సాయంత్రం దాకా గుబాళిస్తేనే అది మంచి సరుకు.

వాస్తవం: ఆఫ్టర్‌షేవ్‌లో పరిమళ ద్రవ్యం సాధారణంగా 1 నుంచి 3 శాతం మాత్రమే ఉంటుంది, అది గంటా రెండు గంటల్లో తగ్గిపోవడం లోపం కాదు. నా లెక్కలో ఈ వాసనకు అందం పక్కన కూర్చున్నవారికి మాత్రమే తెలియడంలోనే ఉంది. పూసుకున్న కాసేపటికే మన ముక్కు దానికి అలవాటుపడి గుర్తించడం మానేస్తుంది. ఆ సంగతి తెలియక మళ్లీ మళ్లీ పూసుకొని, 42 డిగ్రీలు దాటిన మే నెల ఎండలో బస్సెక్కితే తోటి ప్రయాణికులు ఏమవుతారో చెప్పనక్కరలేదు. వేడికి పరిమళాలు త్వరగా ఆవిరవుతాయి కాబట్టి వేసవిలో రెండు చుక్కలు తగ్గించుకోవాలి.

ఆ వేడే, వెలుతురుతో కలిసి, సీసాలోని సరుకును కూడా పాడుచేస్తుంది. అందుకని దానిని అద్దం ముందు దీపాల కింద వరుసగా పేర్చకూడదు. మా నాయన తన సీసాను ఎప్పుడూ కుర్చీ వెనుక చెక్క సొరుగులో, పటిక పక్కన పెట్టేవారు. ఎందుకని అడిగితే పిల్లలు పగలగొడతారని చెప్పేవారు. సొరుగు మారింది గానీ, నేను కూడా అక్కడే పెడుతున్నాను.