టర్కిష్‌లో రాసేటప్పుడు మాట ఎంపిక: అపోహలు - వాస్తవాలు

టర్కిష్ నేర్చుకునేవాళ్ల వ్యాసాలు దిద్దుతుంటే కొన్ని వాక్యాల దగ్గర చెయ్యి ఆగిపోతుంది. వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది. మాట మాత్రం అక్కడ నప్పదు.

అపోహ: డిక్షనరీలో అర్థం సరిపోతే చాలు.

వాస్తవం: చాలదు. నేను తరచూ కొట్టేసే మాట 'యూజుందెన్'. దానికి 'వల్ల' అని అర్థం రాసుకుంటారు. మన 'వల్ల' మంచికీ చెడుకీ పనికొస్తుంది: మీ వల్ల ఉద్యోగం వచ్చింది, మీ వల్ల బస్సు తప్పిపోయింది. యూజుందెన్‌లో మాత్రం నింద ఉంటుంది. వాన యూజుందెన్ మ్యాచ్ ఆగిందంటే సరే. 'టీచర్ యూజుందెన్ టర్కిష్ నేర్చుకున్నాను' అని కృతజ్ఞతగా రాస్తే, పాపం ఆ టీచర్ ఏదో నష్టం చేసినట్టు వినిపిస్తుంది. అక్కడ 'సాయెసిందె' రాయాలి. అందులోని 'సాయె' పారసీలో నీడ. పెద్దల చల్లని నీడలో అని మనమూ అంటాం కదా, ఆ భావం పట్టుకుంటే ఇక తప్పు జరగదు.

అపోహ: పర్యాయపదాల్లో ఏది వాడినా ఒకటే.

వాస్తవం: 1932లో ఏర్పడిన టర్కిష్ భాషా సంస్థ అరబిక్, పారసీ మాటల బదులు టర్కిష్ మాటలను ప్రచారంలోకి తెచ్చింది. చాలాచోట్ల పాతవీ పోలేదు. జీవితానికి 'హయాత్', 'యషామ్' రెండూ ఉన్నాయి. కానీ భార్యాభర్తలు ప్రేమగా పిలుచుకునేది 'హయాతుమ్' అనే. గుండెకు 'కల్ప్', 'యూరెక్' రెండూ చెల్లుతాయి. అవి లేనివాళ్లు మాత్రం ఒకటి కాదు: కల్ప్‌సిజ్ అంటే దయలేనివాడు, యూరెక్‌సిజ్ అంటే పిరికివాడు. కథలో ఈ రెండూ తారుమారైతే పాత్ర స్వభావమే మారిపోతుంది. నలుపుకూ రెండు మాటలున్నాయి: నల్ల బూట్లకు 'సియాహ్', చావు కబురుకు 'కర'.

అపోహ: ఉర్దూ మాటలు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: జవాబు, దునియా, దుకాణం నిజంగానే సాయపడతాయి. గరీబు దగ్గరే చిక్కు. నేటి టర్కిష్‌లో 'గరిప్' అంటే ముందు స్ఫురించేది వింత. పేదవాడి గురించి జాలిగా రాయబోతే వింత మనిషి తయారవుతాడు. పేదకు 'ఫకిర్' వాడండి.

అపోహ: చనిపోవడానికి ఒక క్రియ తెలిస్తే చాలు.

వాస్తవం: సంతాపం తెలిపేటప్పుడు 'వెఫాత్ ఎత్తి' అనాలి. 'ఓల్దు' మామూలు మాట. మనిషి విషయంలో 'గెబెర్ది' తిట్టు.

కొత్త మాట రాసుకునేటప్పుడు అది కనిపించిన వాక్యం మొత్తం రాసుకోండి. భాషా సంస్థ ఆన్‌లైన్ డిక్షనరీ ఉచితమే. ఉదాహరణ వాక్యాలు చదవకుండా దాన్ని మూసెయ్యకండి.